చిన్న కారు సైలెన్సర్: మీ సలహాకు ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల పేజీలో ఒక పాఠకుడు తన పాత చిన్న కారు సైలెన్సర్ పాడైందని, దాని బదులు ఏది వేయించుకోవాలో చెప్పమని అడిగారు. మీ జవాబు మొత్తం నాలుగు వాక్యాలు. అందులో మూడు ఫ్రీ ఫ్లో సైలెన్సర్‌ను మెచ్చుకోవడానికే సరిపోయాయి. పొగ సులువుగా బయటికి పోతుందట, పికప్ పెరుగుతుందట, మైలేజీ కూడా కలిసొస్తుందట. నాలుగో వాక్యం, మంచి కంపెనీది చూసి కొనుక్కోండి అని.

పని చేసినంత కాలం కార్ల కింద వెల్లకిలా పడుకుని సైలెన్సర్లు విప్పడం, కోయడం, వెల్డింగ్ చేయడం, బిగించడమే నా వృత్తి. ఇప్పుడు రిటైరయ్యాను. మీ జవాబు చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఉత్తరం కాస్త పొడుగైంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే ఇంకేదైనా తీసేయండి, తుప్పు గురించి రాసింది మాత్రం ఉంచండి.

నా అభ్యంతరం ఒక్కటే. ఆయన కారు రోజూ ఎంత దూరం తిరుగుతుందో, దాని ఇంజన్‌కు ఎన్ని సిలిండర్లో, ఆ కారును ఇంకెన్నాళ్లు ఉంచుకోవాలనుకుంటున్నారో మీరు అడగలేదు. ఈ మూడూ తెలియకుండా ఏ సైలెన్సర్ మంచిదో ఎవరూ చెప్పలేరు. తెలిస్తే మాత్రం జవాబు దాదాపు దానంతటదే వచ్చేస్తుంది.

ముందు పికప్ సంగతి చూద్దాం. చిన్న కారు ఇంజన్ 1000 సీసీ, అంటే ఒక లీటరు అనుకోండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన నిండా గాలి పీలుస్తుంది. నిమిషానికి 3000 చుట్ల మీద తిరుగుతుంటే నిమిషానికి 1500 లీటర్లు, సెకనుకు 25 లీటర్లు. అదీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టినప్పుడు. మామూలుగా నడిపేటప్పుడు లోపలికి గాలి వచ్చే దారినే థ్రాటిల్ చాలావరకు మూసి ఉంచుతుంది. వచ్చే గాలే తక్కువైనప్పుడు పోయే దారి వెడల్పు చేసి ఏం లాభం? పొగ వేడికి వ్యాకోచిస్తుంది నిజమే, ఆ లెక్క కూడా వేసుకునే కంపెనీ వాళ్లు మొదటి సైలెన్సర్ తయారు చేస్తారు. ఫ్రీ ఫ్లో వల్ల తేడా అంటూ ఉంటే అది ఇంజన్‌ను చివరిదాకా రేసు చేసినప్పుడు కనబడాలి. చిన్న కారును రోజూ అలా నడిపేవాళ్లెవరు? చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు అనిపిస్తుంది. చాలామందికి దొరికే పికప్ అదే.

దీనికి ఎదురు మాట కూడా వర్క్‌షాపుల్లో తిరుగుతుంటుంది. వెనక ఒత్తిడి లేకపోతే ఇంజన్ పాడైపోతుందని, బ్యాక్ ప్రెషర్ ఉండి తీరాలని. ఇదీ సరికాదు. ఒత్తిడి కావాలని ఏ ఇంజనూ కోరుకోదు. సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒక పైపులోకి చేర్చే మేనిఫోల్డ్ దగ్గర పైపుల లావు, పొడవు లెక్కగా ఉంటే ఒక సిలిండరు నుంచి పోయే పొగ తన వెనక వచ్చేదాన్ని లాగుతూ పోతుంది. పైపు మరీ లావైతే పొగ వేగం తగ్గి ఆ లాగుడు తగ్గుతుంది. వెనక సైలెన్సర్ కొనేవాళ్లు ఈ వాదనలో దిగాల్సిన పనిలేదు. కంపెనీ వేసిన పైపు సైజు మార్చకుండా ఉంటే చాలు.

ఇంకో మాట. సైలెన్సర్ కొనేముందు పోయింది సైలెన్సరేనా అని చూసుకోవాలి. చప్పుడు ఎక్కువైందని వచ్చిన కార్లలో సైలెన్సర్ బాగానే ఉండి ఇంకేదో పోయినవి చాలా చూశాను. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే అది ఇంజన్ దగ్గర మేనిఫోల్డ్ అతుకులో పొగ కారకుండా పెట్టే గాస్కెట్ పని. గతుకుల్లో మాత్రమే కింద గలగలమంటే సైలెన్సర్ వేలాడే రబ్బర్లు తెగి ఉండొచ్చు, లేదా పైపు మీదుండే హీట్ షీల్డ్ రేకు వదులై ఉండొచ్చు. ఒక చిన్న క్లాంపుతో పోయే మోతకు మొత్తం సైలెన్సర్ మార్పించుకున్నవాళ్లున్నారు.

పైపు చల్లగా ఉండగా, ఆరుబయట, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, మందపాటి చేతి తొడుగు వేసుకున్న మనిషి టెయిల్ పైపుకు గుడ్డ అడ్డం పెట్టి ఒక్క క్షణం పట్టుకుంటే, చిల్లు ఎక్కడుందో అక్కడ బుస్సుమంటుంది. ఇంజన్ ఆపేసి సైలెన్సర్‌ను కర్ర పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది. లోపల తిన్నదైతే డబడబలాడుతుంది, రాలిన తుప్పు గులకరాళ్లలా కదిలే చప్పుడు కూడా వినబడుతుంది. అప్పుడప్పుడు లోపలి పలక ఊడి పొగ దారికి అడ్డం పడుతుంది. అలాంటి కారు చప్పుడు పెద్దగా చేయదు, లాగదు అంతే. ఓనరు ప్లగ్గులు మార్చి, ఇంజెక్టర్లు కడిగించి, పెట్రోల్‌ను తిట్టుకుని, చివరికి మా దగ్గరికి వచ్చేవారు.

ఇక తుప్పు.

ఒకే మోడల్, ఇంచుమించు ఒకే వయసున్న రెండు కార్లు మా వర్క్‌షాపుకు వస్తుండేవి. ఒకటి టాక్సీ, పొద్దున బయల్దేరితే రాత్రికి గానీ ఆగదు. రెండోది ఒక పెద్దాయనది, ఇంటి నుంచి నాలుగు వీధుల అవతలికి వెళ్లి రావడానికి తప్ప బయటికి తీయరు. సైలెన్సర్ మళ్లీ మళ్లీ పోయింది ఆ పెద్దాయన కారుకే. 'నేను కారే తీయనయ్యా, వాడు ఊళ్లు ఊళ్లు తిప్పుతాడు, నాకెందుకు పోయింది?' అని నా మీద కోప్పడేవారు. నకిలీ సరుకు వేశానని ఆయన అనుమానం. కారు తీయకపోవడమే కారణమంటే నమ్మేవారు కాదు.

జరిగేది ఇదీ. పెట్రోల్‌లో హైడ్రోజన్ ఉంటుంది. అది మండితే నీరవుతుంది. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది, ఆవిరి రూపంలో. దూరం పోయే కారులో సైలెన్సర్ బాగా కాలుతుంది కాబట్టి ఆ ఆవిరి ఆవిరిగానే బయటికి పోతుంది. రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆగే కారులో వెనక సైలెన్సర్ గోరువెచ్చగా అయ్యేలోపే ప్రయాణం అయిపోతుంది. ఇంజన్‌కు అన్నిటికన్నా దూరంగా, అన్నిటికన్నా చల్లగా ఉండేది అదే మరి. ఆవిరి అందులోనే నీరై నిలుస్తుంది. పెట్రోల్‌లో మిగిలిన కాస్త గంధకం, మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ నీటిలో కలిసి పల్చటి ఆమ్లమవుతాయి. రాత్రంతా అది రేకును తింటుంది. మర్నాడు మళ్లీ రెండు కిలోమీటర్లు, మళ్లీ కాసిని నీళ్లు.

అందుకే సైలెన్సర్ లోపలి నుంచి బయటికి తుప్పు పడుతుంది. పైన నల్లరంగు నిగనిగలాడుతుంటుంది, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే దిగబడిపోతుంది. ఉప్పుగాలి తగిలే చోట బయటి నుంచి కూడా తింటుంది, అప్పుడు రెండు వైపులా నష్టమే. చాలా సైలెన్సర్లకు కింది అంచున గుండుసూది తలకన్నా కాస్త పెద్ద రంధ్రం ఉంటుంది. ఆ నీళ్లు కారిపోవడానికే కంపెనీ వాళ్లు దాన్ని పెడతారు. తుప్పు చిల్లనుకుని దాన్ని వెల్డింగ్‌తో మూసేసే పనివాళ్లను చూశాను. అలా మూస్తే ఆ సైలెన్సర్ ఆయుష్షు తగ్గించినట్టే. మీ పాఠకుడు కొత్తది బిగించేటప్పుడు ఆ రంధ్రం కిందికే ఉందా అని ఒకసారి వంగి చూసుకోవాలి. ఏ మోడల్‌కైనా పైపులు అతికించి వాడే యూనివర్సల్ సైలెన్సర్ డబ్బాలను కొన్నిసార్లు తలకిందులుగా బిగించేస్తారు.

ఈ సంగతి తెలిశాక లోహం ఎంచుకోవడం కష్టం కాదు. అన్నిటికన్నా చవకైనది మామూలు ఉక్కు రేకుకు రంగు వేసినది. ఆ రంగు బయటి వైపే ఉంటుంది కాబట్టి లోపలి నీళ్లను అదేమీ ఆపదు. దాని పైది అల్యూమినైజ్డ్, అంటే ఉక్కు రేకుకు అల్యూమినియం, కాస్త సిలికాన్ కలిపిన పూత పెట్టినది. రోజూ దూరం తిరిగే కారుకు ఇది చక్కగా సరిపోతుంది, ఇంతకు మించి ఖర్చు పెట్టక్కర్లేదు. దీని బలహీనత అతుకు దగ్గర. వెల్డింగ్ వేడికి పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. వెల్డింగ్ అయ్యాక అతుకు మీద వేడిని తట్టుకునే రంగు వేయమని అడగండి. అడగకపోతే వేయరు, నేను పని చేసిన చోట కూడా అడిగినవాళ్లకే వేసేవాళ్లం.

దాని పైన 409 రకం స్టెయిన్‌లెస్. ఇందులో క్రోమియం సుమారు 11 శాతం. దగ్గర దూరాలే తిరిగే చిన్న కారుకు నేను చెప్పేది ఇదే. దీంతో ఒక తలనొప్పి ఉంది. కొన్నాళ్లకు పైన గోధుమ రంగు తుప్పు మరక పడుతుంది. స్టెయిన్‌లెస్ అని మోసం చేశారంటూ ఓనర్లు గొడవకు వస్తారు. ఆ మరక పైపైనే ఉంటుంది, చిల్లు పడేదాకా పోవడానికి చాలా కాలం పడుతుంది. అద్దంలా మెరుస్తూనే ఉండాలంటే 304 రకం కొనాలి. దానిలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. ఇంకొన్నాళ్లలో అమ్మేద్దామనుకునే పాత కారుకు 304 వేయించడం, నా దృష్టిలో, తర్వాత కొనుక్కునేవాడికి ఇచ్చే కానుక.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. 304కు అది దాదాపు అంటుకోదు. మామూలు ఉక్కుకు, అల్యూమినైజ్డ్‌కు, 409కి గట్టిగా అంటుకుంటుంది. కాబట్టి 304 అని చెప్పి వేరేది అంటగడితే అయస్కాంతం పట్టిస్తుంది. 409 అని చెప్పి మామూలు రేకు అంటగడితే మాత్రం పట్టించలేదు, అక్కడ డబ్బా మీద రాసింది, బిల్లు మీద రాయించుకున్నది మాత్రమే ఆధారం. అయస్కాంతాన్ని సైలెన్సర్ డబ్బాకే పెట్టండి, వెనక మెరిసే తోక పైపుకు కాదు. తోక ఒక్కటీ స్టెయిన్‌లెస్ వేసి, డబ్బా మామూలు రేకుతో చేసి, మొత్తానికీ స్టెయిన్‌లెస్ ధర చెప్పే సరుకు మార్కెట్లో ఉంటుంది.

రేకు మందం కూడా అడగాలి. గేజ్‌లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. 16 గేజ్ అంటే ఒకటిన్నర మిల్లీమీటరు, 18 గేజ్ అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు. 18 పెద్ద అంకె కదా అని ఎక్కువ డబ్బిచ్చి అదే తీసుకున్నవాళ్లున్నారు. లోపల ఎన్ని పలకలున్నాయో పైకి కనబడదు కాబట్టి బరువు చూడడం ఒక దారి. విప్పిన పాతదాన్ని ఒక చేత్తో, కొత్తదాన్ని ఒక చేత్తో పట్టుకోండి. పాతదాంట్లో నీళ్లు, తుప్పు ఉంటాయి, ముందు వంచి అవి పారబోయాలి. అప్పటికీ కొత్తది బాగా తేలిగ్గా ఉంటే లోపల పలకలు తగ్గించారనో, రేకు పల్చనదనో అర్థం.

రెండో ప్రశ్న సిలిండర్ల గురించి. మీ జవాబులో దీని ఊసే లేదు, నాకైతే ఇదే అన్నిటికన్నా విచిత్రంగా అనిపించింది. చిన్న కార్లలో చాలావాటికి మూడు సిలిండర్లే ఉంటాయి. నిమిషానికి 2000 చుట్ల మీద నాలుగు సిలిండర్ల ఇంజన్ సెకనుకు 67 సార్లు పేలితే, మూడు సిలిండర్లది 50 సార్లు పేలుతుంది. అంటే దాని చప్పుడు ఇంకా లోతు. ఆ లోతు చప్పుడును ఆపడమే కష్టం.

సైలెన్సర్లు రెండు పద్ధతుల్లో పని చేస్తాయి. ఒకదాంట్లో లోపల గదులుంటాయి. పొగ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, వెనక్కి, ముందుకి తిరుగుతుంది. గోడలకు తగిలి వెనక్కి వచ్చే శబ్ద తరంగం ఎదురొచ్చే తరంగాన్ని కొట్టేస్తుంది. కొన్నింట్లో పక్కగా ఒక మూసిన గది ఉండి, ఒకే స్థాయి మోతను పట్టి మింగేస్తుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం వస్తుంది చూడండి, ఆ సూత్రమే ఇక్కడ తిరగేసి వాడతారు. 19వ శతాబ్దంలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని లెక్క కట్టాడు, ఆ గదిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంజన్లకు సైలెన్సర్ పేటెంట్ అమెరికాలో మిల్టన్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు 1897లోనే తీసుకున్నారు. కొత్త విద్యేమీ కాదు.

రెండో పద్ధతిలో చిల్లుల పైపు తిన్నగా పోతుంది, దాని చుట్టూ గాజు ఉన్ని కూరి ఉంటుంది. మీరు మెచ్చుకున్న ఫ్రీ ఫ్లో చాలావరకు ఇదే. కీచుగా ఉండే పై స్థాయి చప్పుడును ఉన్ని బాగా తాగుతుంది. లోతు మోతను పెద్దగా ఆపలేదు. పైగా కాలం గడిచేకొద్దీ వేడికి, తేమకు ఉన్ని చెడి రాలిపోతుంది, చప్పుడు పెరుగుతూ పోతుంది. మూడు సిలిండర్ల కారుకు ఇలాంటిది ఒక్కటే వేస్తే ఆగి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, షాపు ముందు రేసు చేస్తే ఇంకా బాగుంటుంది. ఒక వేగం దగ్గరికి వచ్చేసరికి కారు లోపల హోరు మొదలవుతుంది. అద్దాలు మూస్తే తగ్గదు, ఎక్కువవుతుంది. చిన్న కారు లోపలి చోటు ఇరుకు, వెనక డిక్కీ రేకు పల్చన, అంతా కలిసి మోగుతుంది.

ఒక టీచరమ్మ ఇలాంటిదే వేరేచోట వేయించుకుని, బడికి వెళ్లేసరికి తలనొప్పి వస్తోందని కారు తెచ్చారు. ముందు కళ్లజోడు మార్పించుకున్నారట. ఆమె రోజూ వెళ్లే వేగంలోనే ఆ హోరు ఉంది. లోపల గదులున్న, ఆ మోడల్‌కే చేసిన సైలెన్సర్ వేసి పంపాం. కళ్లజోడు డబ్బులు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

చప్పుడు కొలిచే డెసిబెల్ లెక్క కూడా కొనేవాళ్లకు తెలియడం మంచిది. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి దాదాపు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. 'ఏడెనిమిది డెసిబెల్సే తేడా' అని అమ్మేవాళ్లు చెబితే అది చిన్న మాట కాదు. ఆగి ఉన్న కారు చప్పుడు కొలిచే అంతర్జాతీయ పద్ధతిలో మైకును పైపు మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. మార్పిడి సైలెన్సర్ల కోసమే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 59వ నంబరు నిబంధన ఉంది. దాని ప్రకారం పరీక్ష పాసైన సైలెన్సర్ మీద గుండ్రటి గీతలో ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె అచ్చు కొట్టి ఉంటాయి. ఆ అచ్చు ఉన్నది దొరికితే, ఫలానా మోడల్‌కు పనికొస్తుందని ఎవరో కొలిచి చూశారని నమ్మొచ్చు. స్టిక్కర్‌కు అంత విలువ లేదు.

మోడల్‌కే చేసింది కొనాలా, యూనివర్సల్ డబ్బా తెచ్చి పైపులు అతికించాలా అన్న ప్రశ్నకు నా జవాబు మొదటిదే. వెల్డింగ్ మీద బతికిన నేను ఈ మాట చెప్పడం కాస్త తమాషానే. మోడల్‌కు చేసినదాంట్లో వంపులు, కొక్కేలు, పైపు సైజు అన్నీ ముందే కుదిరి ఉంటాయి. యూనివర్సల్‌దైతే ప్రతి వంపూ బిగించేవాడి పనితనం మీద ఆధారపడుతుంది. బాగా పాతబడి, మోడల్‌కు చేసిన సరుకు దొరకని కారుకు మాత్రం యూనివర్సల్ తప్పదు. అప్పుడు పైపు బయటి కొలత, లోపలి కొలత రెండూ తీసుకోవాలి. చిన్న కార్ల పైపులు సన్నవి, చాలావరకు ఒకటిన్నర అంగుళం నుంచి ఒకటి ముప్పావు మధ్య ఉంటాయి. రెండంగుళాల మూతి ఉన్నది తెచ్చి మధ్యలో అడాప్టర్ వేస్తామంటే వద్దనండి.

పాత రబ్బర్లకే కొత్త సైలెన్సర్ వేలాడదీయొద్దు. ఇంజన్ తన మౌంట్ల మీద ఊగుతుంటుంది, దాంతోపాటు పైపంతా కదులుతుంది. ఆ కదలికకు చోటివ్వకుండా బిగిస్తే సైలెన్సర్ మెడ దగ్గర చిట్లుతుంది. గాస్కెట్, క్లాంపులు, రబ్బర్లు ఒకేసారి మార్పించండి. పెట్రోల్ ట్యాంకుకు, బ్రేకు పైపులకు దూరం ఉందో లేదో చూసుకోండి. మొదట రెండు పైపుల అంచులను కలిపే ఫ్లాంజ్ బోల్టులతో ఉన్నచోట వెల్డింగ్ చేసేయనివ్వొద్దు, మళ్లీ మార్చాల్సినప్పుడు కోయాల్సి వస్తుంది. కారు మీదే ఆర్క్ వెల్డింగ్ చేస్తుంటే ముందు బ్యాటరీ తీయించండి. పని మీరే చేసుకునేట్టయితే ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి మాత్రం దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి. జింకు పూత ఉన్న నీళ్ల పైపు ముక్క తెచ్చి అతికిస్తామంటే ఒప్పుకోవద్దు. దాని పొగ మీకేం చేయదు, వెల్డింగ్ చేసే కుర్రాడి ఊపిరితిత్తులకు చేస్తుంది. చౌకగా అవుతుందని అడిగేది మాత్రం ఓనర్లే.

తోక పైపు పొడవు గురించి ఎవరూ పట్టించుకోరు కాబట్టి రాస్తున్నాను. కారు వెనక అంచు దాటి పొగ బయటికి పోవాలి. యూనివర్సల్ డబ్బాకు పొట్టి తోక తగిలించి బంపర్ కిందే వదిలేస్తే, డిక్కీ రబ్బరు పాతదైతే పొగ లోపలికి వస్తుంది. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. వెనక సీట్లో కూర్చునే పిల్లలు నిద్రమత్తుగా ఉంటే ప్రయాణం వల్లేమో అనుకుంటాం. చిల్లు మీద పేస్టు పూసి, రేకు చుట్టి, నెలల తరబడి నడిపేవాళ్లకు కూడా ఇదే చెప్పేవాణ్ని. ఇల్లు చేరడానికి పేస్టు పనికొస్తుంది, అంతకు మించి దాన్ని నమ్మొద్దు.

ఫ్రీ ఫ్లో పేరుతో ఇంకో పని కూడా చేస్తారు. ముందున్న క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కోసి తీసేసి, ఆ స్థానంలో ఉత్త పైపు పెడతారు. కన్వర్టర్ సైలెన్సర్ కాదు. దాని లోపల తేనెపట్టులాంటి దిమ్మ మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది, విషవాయువులను మార్చేది అదే. తీసేసిన కన్వర్టర్ ఎటు పోతుందో, ఆ లోహాల ధర ఏమిటో తెలిస్తే ఆ ఉచిత సలహా ఎందుకు ఇస్తున్నారో అర్థమవుతుంది. మీ జవాబు చదివిన పాఠకుడు ఫ్రీ ఫ్లో అడగడానికి వెళ్లి కన్వర్టర్ పోగొట్టుకుని వస్తే బాధ్యత ఎవరిది? అక్కడే పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్ కూడా ఉంటుంది. దాని ముందు పైపుకు చిల్లు పడితే బయటి గాలి లోపలికి వచ్చి లెక్క తప్పుతుంది, ఇంజన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది. మైలేజీ తగ్గిందనేవాళ్లు వెనక సైలెన్సర్ కన్నా ముందు అక్కడ చూడాలి.

పాత సామాను దుకాణంలో వాడిన సైలెన్సర్ కొనడం గురించి ఎక్కువ రాయను. లోపలి నుంచి తినేదాన్ని బయటి నుంచి చూసి ఎలా కొంటాం? గ్యారంటీ గురించి కూడా ఒక్క మాటే. డబ్బాకు ఇస్తారు, కూలికి, పైపులకు, గాస్కెట్లకు ఇవ్వరు. ఆ కాగితం కొనకముందే చదువుకోవాలి. కొత్తది బిగించాక మొదటి ప్రయాణంలో కాస్త పొగ, కాలిన వాసన వస్తే కంగారు పడక్కర్లేదు, తయారీలో పూసిన నూనె కాలుతుంది. రెండో రోజూ వస్తే వెనక్కి తీసుకెళ్లండి.

మీకు నా విన్నపం రెండు విషయాల్లో. ఇకపై ఇలాంటి ప్రశ్న వస్తే జవాబుకు ముందు రోజువారీ దూరం, సిలిండర్లు, కారును ఇంకెన్నాళ్లు ఉంచుకుంటారో అడిగి తెప్పించుకోండి. అలాగే మీ పేజీలో సైలెన్సర్ల ప్రకటనలు వేసేటప్పుడు లోహం రకం, రేకు మందం, ఏ మోడల్‌కు చేశారో ప్రకటనలోనే రాయమని కంపెనీలను అడగండి. ఎర్ర అక్షరాల్లో 'స్పోర్ట్స్' అని వేయడానికి ఉన్న చోటు '409, 18 గేజ్' అని వేయడానికి ఉండదా?

ప్రశ్న అడిగిన పాఠకుడికి ప్రస్తుతానికి నా సలహా. దగ్గర దూరాలే తిరిగితే ఆయన మోడల్‌కే చేసిన 409 స్టెయిన్‌లెస్, రోజూ దూరం తిరిగితే అదే మోడల్‌కు అల్యూమినైజ్డ్, రెంటిలో ఏదైనా లోపల గదులున్నదే తీసుకోవాలి. ఆయన కారు వివరాలు మీకు రాసి పంపితే, మీ ద్వారానే ఇంకాస్త వివరంగా జవాబిస్తాను. నా పేరు అచ్చు వేయనక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైలెన్సర్ వెల్డర్